అత్తగారి మొక్కు, బాబు పేరు

ప్రశ్న: మేడమ్, నాది విజయవాడ. మావారిది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నాం. పెళ్లయ్యాక రెండుసార్లు నాకు గర్భం నిలవలేదు. మూడోసారి అంతా బాగా జరిగి బాబు పుట్టాడు. ఇప్పుడు వాడికి నాలుగో నెల. మొన్ననే తెలిసింది, మా అత్తయ్య నాకు చెప్పకుండా గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకున్నారట. బిడ్డ నిలిస్తే స్వామి పేరు పెట్టుకుంటామని, పీర్ల పండక్కి బిడ్డను తెచ్చి చక్కెర చదివింపులు చేయిస్తామని, నిప్పుల గుండం దగ్గర తిప్పుతామని. ఇప్పుడు బాబుకు కుళ్లాయప్ప అనే పేరు పెట్టాలంటున్నారు. మా మరిదేమో ‘అది సాయిబుల దేవుడు, మనకేం సంబంధం’ అని గొడవ. రోజూ వాట్సాప్‌లో ఏవేవో వీడియోలు పంపుతున్నాడు. మావారు ఎటూ మాట్లాడరు. మా అమ్మావాళ్లు పేరు వినగానే నవ్వారు, తర్వాత కంగారుపడ్డారు. నాకైతే దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని మాత్రం ముందే అనుకున్నాం, దానికి ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఇది ఏ మతం? నమ్మకం లేకుండా ఒప్పుకుంటే నటించినట్టు కాదా? ఏం చేయమంటారు? 
– ఒక కోడలు, బెంగళూరు

జవాబు: ముందు కుళ్లాయిస్వామి సంగతి మాట్లాడుకుందామమ్మా. మీ మరిది మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తెలిస్తే మిగతా గొడవ చాలావరకు పలచబడుతుంది.

పీర్ల పండుగకు మూలం ఈ నేల మీద లేదు. క్రీ.శ. 680లో, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న కర్బలాలో, మహమ్మద్ ప్రవక్త మనవడు హుసేన్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్లను చంపేశారు. అది మొహర్రం నెల పదో రోజు. షియా ముస్లింలకు అది ఏడుపు రోజు. మన దగ్గర గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే 1590లలో హైదరాబాద్‌లో బాద్‌షాహీ అషుర్‌ఖానా (పీర్లను నిలిపే ఇల్లు) కూడా కట్టించాడు. రాజులు పట్టించుకున్న ఆచారం రాజధానిలో ఆగదు కదా. పీర్లను, అంటే హుసేన్‌వాళ్ల పేరు మీద కర్రకు బిగించిన లోహపు గుర్తులను నిలపడం, పదో రోజు ఊరేగించడం మెల్లగా ఊళ్లకు పాకింది. కాబట్టి ‘ఇది ఇస్లాం చరిత్రలోంచి వచ్చింది’ అని మీ మరిది అంటే కాదనలేం.

కానీ పల్లెకు వచ్చిన తర్వాత ఆ ఆచారానికి ఏం జరిగిందో చూడండి. హైదరాబాద్ పాతబస్తీలో బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద వెళుతుంటే జనం గుండెలు బాదుకుని ఏడుస్తారు. అదే రోజు మన పల్లెల్లో డప్పులు మోగుతాయి, పులివేషాలు తిరుగుతాయి, గుండం చుట్టూ కుర్రాళ్లు చిందులేస్తారు, బెల్లం పానకం పంచుతారు. సంతాపం వచ్చి పండుగయి కూర్చుంది. హుసేన్ మీద, ఆయన అన్న హసన్ మీద ఆడవాళ్లు తెలుగులో పాటలు కట్టి పాడుకున్నారు. ఆ పాటల్లో వాళ్లిద్దరూ పక్క ఊరి అన్నదమ్ముల్లాగే ఉంటారు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్ల చావిడి ఉంటుంది, హిందువులే పీర్లను కడిగి, దట్టీలు (రంగు గుడ్డలు) కట్టి, ఊదు వేసి నిలుపుతారు. రాయలసీమలో చాలాచోట్ల ఈ పని దూదేకులవాళ్లది. వాళ్లు ముస్లింలే, ఇంట్లో మాట్లాడేది తెలుగు, పేర్లు ఉసేనప్ప, ఫకీరప్ప. మీ మరిదిని ఒకసారి అడగండి, వాళ్ల చిన్నప్పుడు వాళ్ల ఊరి గుండానికి కట్టెలు ఎవరి చేలోంచి వచ్చేవో. తన తాతదో, తాత అన్నదమ్ములదో పేరు బయటికొస్తే ఆశ్చర్యపోకండి.

ఇక నార్పల మండలంలోని గూగూడు. అక్కడ పీర్లలో పెద్దాయన కుళ్లాయిస్వామి. మొహర్రం రోజుల్లో అనంతపురం జిల్లా నుంచే కాదు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. పక్కనే ఆంజనేయస్వామి గుడి. ఇక్కడ చక్కెర చదివించినవాళ్లు అక్కడా టెంకాయ కొట్టి వెళతారు. జరిగేది మొహర్రం, జనం దాన్ని పిలిచేది బ్రహ్మోత్సవాలని. అందులో ముఖ్యమైన రోజుల పేర్లు చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు, చివరి రోజు జలధి. మీరు విజయవాడ నుంచి వెళ్లారు కాబట్టి ఈ మాటలు కొత్తగా అనిపిస్తాయి. మీ అత్తయ్యకు ఇవి ఉగాది, సంక్రాంతి ఎంత మామూలో అంత మామూలు.

ఇంకో చిన్న విషయం, నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించేది. మొహర్రం చాంద్రమాన లెక్క. ఏడాదికి 354 రోజులే, మనం వేసుకునే అధిక మాసం వాళ్లకు లేదు. అందుకే పండుగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2023లో పదో రోజు జూలై 29న వచ్చింది, 2024లో 17న, 2025లో 6న. ఇలా ముప్పై ఏళ్లు దాటేసరికి ఎండ, వాన, చలి అన్ని కాలాలూ తిరిగొస్తుంది. విత్తనం దగ్గర్నుంచి పెళ్లి దాకా తెలుగు నెలలతో లెక్కేసే రైతు ఇంట్లో ఈ ఒక్క పండుగ మాత్రం వేరే కేలండర్ మీద నడుస్తుంది. ఎవరూ దాన్ని వింతగా చూడరు. నెల పొడుపు చూసి ‘పీర్లు లేచే రోజొచ్చింది’ అనుకుంటారు, అంతే.

మీరు అడిగిన ‘ఇది ఏ మతం’ అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: చరిత్రలో ఇస్లాం, మీ అత్తయ్య బతుకులో మొక్కు. మనం బడిలో చదువుకున్న లెక్క ప్రకారం మతమంటే ముందు ఒక దేవుడు, ఒక గ్రంథం, వాటి మీద నమ్మకం, ఆ తర్వాత పూజలు, పండుగలు. పల్లెలో వరుస చాలాసార్లు తిరగబడి ఉంటుంది. ముందు ఒక ఆపద వస్తుంది. వాన రాదు, పశువు పడుకుంటుంది, కడుపు నిలవదు. ఎవరో ఒకరు ఒక చోటు చెబుతారు. అక్కడ మొక్కుకుంటారు. పని జరిగితే బాకీ పడ్డట్టు లెక్క, దాన్ని తీర్చాలి. తీర్చిన తర్వాత బిడ్డకు ఆ పేరు వస్తుంది, ఆ ఇంట్లో ఏటా ఆ రోజు పొయ్యి మీద అదే వంట వస్తుంది. రెండు తరాలు గడిచాక ‘మా ఇంటి ఆనవాయితీ’ అంటారు. నమ్మకం ఈ మొత్తంలో ఎక్కడుందని వెతికితే, చివర్లో దొరుకుతుంది, అదీ పెద్దగా ఎవరూ నోరు విప్పి చెప్పని రూపంలో.

ఇది గూగూడులోనే ఉందనుకోకండి. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ కూడా మొహర్రంలోనే. చెరువు గట్టున నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతిల్లు రొట్టె, సంతానం రొట్టె. ఇప్పుడు వీసా రొట్టె కూడా ఉంది! కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. తీసుకున్నవాళ్లు తమ పని జరిగాక మళ్లీ తెస్తారు. ఎవరి రొట్టె ఎవరికి చేరిందో, ఇచ్చినవాళ్లది ఏ కులం, ఏ మతమో ఆ నీళ్లలో అడిగేవాడు ఉండడు. అడిగినా తేలదు. అటు కడపలో చూస్తే లెక్క తిరగబడుతుంది. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది రోజున ముస్లింలు వస్తారు, బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమ అల్లుడని. తెలంగాణలో జహంగీర్ పీర్ దర్గాకు వెళ్లి కందూరు (మేకను కోసి భోజనం పెట్టే మొక్కు) చేసేవాళ్లలో హిందువులు ఎందరో. మీ విజయవాడలోనే గుణదల కొండ ఉంది కదా. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు తలనీలాలు ఇచ్చి, టెంకాయలు కొట్టేవాళ్లంతా చర్చికి వెళ్లేవాళ్లేనా? మీ అమ్మగారు ఒక్కసారైనా ఆ కొండెక్కి ఉంటారని నా అనుమానం. అడిగి చూడండి.

పేర్ల సంగతీ ఇలాంటిదే. అనంతపురం, కర్నూలు వైపు ఏ ఊరి ఓటర్ల జాబితా తీసినా కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు, ఫకీరప్పలు, మస్తానప్పలు, దస్తగిరమ్మలు కనిపిస్తారు. అందులో చాలామంది నుదుట నామమో, బొట్టో ఉన్నవాళ్లే. నెల్లూరు, గుంటూరు వైపు మస్తానయ్య, మస్తానమ్మ. ఈ పేర్ల వెనక ఒక బాధ కూడా ఉంది, దాన్ని మర్చిపోకూడదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయే రోజుల్లో, ఒక బిడ్డ నిలవాలంటే తల్లి ఏదైనా చేసేది. బిడ్డను చెత్తకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టుకున్నది అందుకే. మృత్యువు కన్ను పడకూడదని. వైద్యుడు అందుబాటులో లేని చోట పేరే మందు. కుళ్లాయప్ప అనే పేరు కూడా ఆ కోవలోదే. ‘ఈ బిడ్డ మాది కాదు స్వామీ, నీది, నువ్వే కాపాడుకో’ అని అప్పగించడం.

అందుకే మీ అత్తయ్య మొక్కును మతం గొడవగా కాకుండా, ముందు ఆమె భయంగా చూడండి. రెండుసార్లు మీరు ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో వచ్చారు. ఆ బాధ మీది, అందులో అనుమానం లేదు. కానీ ఊళ్లో కూర్చున్న ఆమెకు స్కానింగ్ రిపోర్టు చదవడం రాదు, డాక్టరుతో మాట్లాడే అవకాశం లేదు, మిమ్మల్ని అడుగుదామంటే నోరు రాదు. ఆమె చేతిలో ఉన్నది ఒక్క మొక్కే. అది చేసింది.

మొక్కు వల్లే బిడ్డ నిలిచాడా? నేనైతే అలా అనను. గుర్తించిన గర్భాల్లో సుమారు 10 నుంచి 20 శాతం వాటంతటవే పోతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. ఎక్కువసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల తేడా, తల్లి చేసిన తప్పు కాదు. రెండుసార్లు అలా జరిగినవాళ్లలో చాలామందికి ఆ తర్వాత మామూలుగానే బిడ్డలు పుడతారు. ఇది మీకు మీ డాక్టరు చెప్పే ఉంటారు. అయినా మీ అత్తయ్యతో దీని మీద వాదానికి దిగకండి. ‘డాక్టర్ వల్లనా, స్వామి వల్లనా’ అన్న పంచాయితీలో గెలిచినా మీకు దక్కేది ఏమీ ఉండదు. పైగా ఆమె డాక్టరు వద్దని అన్లేదు కదా. అన్నట్టయితే నా జవాబు ఇంత మెత్తగా ఉండేది కాదు.

నటన సంగతి అడిగారు. మీరు తిరుమలకు వెళ్లి కళ్యాణకట్టలో బాబు పుట్టువెంట్రుకలు ఇవ్వాలని అనుకున్నారు. నమ్మకం లేకుండానే. అక్కడ మీకు ‘నేను నటిస్తున్నానా’ అన్న ప్రశ్న రాలేదు. ఎందుకు రాలేదంటారు? చిన్నప్పటి నుంచి చూసినది కాబట్టి. మీ ఇంట్లో అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది, మీరూ చేస్తారు. అది మీకు గాలిలాగా ఉంది, కనబడదు. గూగూడు కొత్తది కాబట్టి కనబడింది. మతం రోజువారీ బతుకులో పనిచేసే తీరు ఇదే. శనివారం మాంసం వద్దనడం, కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టడం, బెంగళూరు ఆఫీసులో ఆయుధపూజకు కంప్యూటరుకు బొట్టు పెట్టడం, ఇవన్నీ చేసి ‘నాకు దేవుడి మీద నమ్మకం లేదు’ అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు అబద్ధాలకోరులని నేను అనుకోను. అలవాటైన మతం మతంలా కనిపించదు, పక్కింటిదే మతంలా కనిపిస్తుంది.

కాబట్టి గూగూడులో మీరు ఏం నమ్ముతున్నారో ఎవరూ అడగరు. చక్కెర ఇస్తారు, అక్కడివాళ్లు చదివి కొంత తిరిగి ఇస్తారు, నెమలీకల కట్టతో తల మీద తడతారు, అంతే. మీరు చేతులు జోడించాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే జోడిస్తాను, మా అత్త పక్కన నిలబడ్డప్పుడు ఆమె కోసం. మీకు అది కూడా ఎక్కువనిపిస్తే బాబును ఎత్తుకుని పక్కన నిలబడండి. నిజంగా నటన అయ్యేది ఎక్కడో తెలుసా? నమ్మకం ఉన్నట్టు అత్తయ్యకు చెప్పి, వెనక మీ స్నేహితుల దగ్గర నవ్వితే. ఆ పని చేయకండి.

ఇంతసేపు మీ అత్తయ్య వైపు మాట్లాడాను. ఇప్పుడు మీ వైపు.

మొక్కుకున్నది ఆమె, తీర్చాల్సింది మీరు. ఇది మన ఆచారాల్లో ఉన్న పెద్ద లోపం. మామగారు మొక్కుకుంటే కోడలు ఉపవాసం ఉండాలి. అమ్మమ్మ మొక్కుకుంటే మనవరాలు గుండు చేయించుకోవాలి. కందూరు మొక్కు తీర్చడానికి మేకలు కొని, ఊరంతటికీ భోజనం పెట్టి, వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబాలు ఉన్నాయి. దేవుడికి ఇచ్చిన మాట పేరుతో మనిషిని అడగకుండా మనిషి మీద భారం వేయడం మామూలైపోయింది. ఎక్కువసార్లు ఆ మనిషి ఆడమనిషే. పది రోజులు నేల మీద పడుకుని, మాంసం ముట్టకుండా నియమం పట్టే మగవాళ్లూ ఉన్నారు, నిజమే. వాళ్లకు ఆ పది రోజులూ వండి పెట్టేది ఎవరో కూడా చూడాలి. మీ కడుపు గురించి, మీ బిడ్డ పేరు గురించి మీకు చెప్పకుండా మాట ఇచ్చినందుకు మీరు బాధపడితే తప్పు లేదు. ఆ మాట మీ అత్తయ్యకే నేరుగా, నిదానంగా చెప్పండి. ‘అత్తయ్యా, మీరు నా కోసం మొక్కుకున్నారు, నాకు తెలుసు. ముందే నాకో మాట చెప్పి ఉంటే బాగుండేది’ అని. ఇందులో స్వామికి అవమానం లేదు.

ఇంకోటి. హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పండుగ అనగానే మనసు కరిగిపోయి, అక్కడ అందరూ సమానమే అనుకోకూడదు. పీరును ఎత్తేది ఎవరు, డప్పు కొట్టేది ఎవరు, కట్టెలు మోసేది ఎవరు, ఇవన్నీ చాలా ఊళ్లలో కులాల వారీగా పంచి ఉంటాయి. పీరు ముందు మొక్కే చేతులే, ఇంట్లో పిల్ల వేరే మతం అబ్బాయిని ప్రేమించిందంటే ఒప్పుకోవు. పంచుకోవడం ఉంది, దాని హద్దులూ ఉన్నాయి. అయినా అది విలువైనదే అంటాను. ఏడాదికోసారి ఒకరి గడప దగ్గర ఒకరు చెప్పులు విడిచే ఊరు, ఎప్పుడూ విడవని ఊరి కన్నా నయం.

మీ మరిది పంపే వీడియోల లాంటివే అవతలి వైపు కూడా తిరుగుతున్నాయని ఆయనకు చెప్పండి. ‘పీర్లను నిలపడం ఇస్లాం కాదు, మానేయండి’ అని ముస్లిం కుర్రాళ్లకు చెప్పేవాళ్లు ఉన్నారు. ఇటువాళ్లు ‘ఇది మనది కాదు’ అంటున్నారు, అటువాళ్లు కూడా సరిగ్గా అదే మాట అంటున్నారు. మధ్యలో పీర్ల చావిడికి సున్నం కొట్టించే ముసలివాళ్లు మిగిలారు. ఆయన మనసులో ఇంకేదో ఉండొచ్చు కూడా. ఊళ్లో స్నేహితుల మధ్య, ఆ వాట్సాప్ గ్రూపుల్లో ఆయనకు మాట పడుతుందేమో. ఈ రోజుల్లో కుర్రాళ్లకు అది నిజమైన టెన్షనే. గ్రూపులో జవాబు ఇవ్వకుండా, ఇంటికి పిలిచి భోజనం పెట్టి మాట్లాడండి. కానీ మొక్కు తీర్చాలా వద్దా అన్నది ఆయన తేల్చే విషయం కాదు, ఆ సంగతి మీవారు చెప్పాలి. మీరు కాదు.

మీవారి గురించి రెండు మాటలే. ‘ఎటూ మాట్లాడరు’ అని రాశారు. అమ్మ మొక్కు, తమ్ముడి కోపం, భార్య సందిగ్ధం, మూడూ ఆయన ఇంటివే. బాబుకు తండ్రి ఆయన. ఆయన నోరు విప్పకుండా మీరు ఏ నిర్ణయం తీసుకున్నా రేపు ‘విజయవాడ కోడలు మా మొక్కు ఆపించింది’ అనో, ‘మరిది మాట కాదని పీర్లకు తీసుకెళ్లింది’ అనో మీ మీదికే వస్తుంది. ముందు ఆయన్ని కూర్చోబెట్టండి.

ప్రయాణం సంగతి. నాలుగు నెలల పసివాణ్ని మొహర్రం జనంలోకి, ముఖ్యంగా గుండం దగ్గరికి తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోను. రాత్రంతా జాగారం, పొగ, డప్పుల మోత, ఊపిరాడని తోపులాట. పెద్దవాళ్లు నిప్పులు తొక్కుతారు, అది వాళ్ల ఇష్టం. పసిబిడ్డను చేతుల్లో పట్టుకుని గుండం చుట్టూ తిరగడం, దాటడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు. మామూలు రోజుల్లో కూడా గూగూడుకు జనం వస్తారు. పండుగ అయిపోయాక, ఎండ తగ్గాక, ఒక ఉదయం పూట వెళ్లి చదివింపులు చేయించుకుని, పక్కన ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టి మధ్యాహ్నానికి తిరిగి రండి. గుండం మాట అత్తయ్య పట్టుబడితే, పండుగ రోజు ఆమె, మీవారు వెళ్లి బాబు పేరు చెప్పి గుండంలో ఉప్పో, కట్టెనో వేసి రావచ్చు. మొక్కులో వీలును బట్టి సర్దుకునే దారి పల్లెవాళ్లకు ఎప్పుడూ తెలుసు. వాయిదా వేయడం, చీటీ కట్టి ముడుపు పెట్టడం, తప్పు చెంపలేసుకోవడం, వాళ్లే కనిపెట్టుకున్న దారులు ఇవన్నీ.

పేరు విషయంలో మీకు, మీవారికి కలిపి ఉన్న హక్కు అత్తయ్య మొక్కు కన్నా పెద్దది. అలాగని ఆమె మాట పూర్తిగా తీసేయనక్కర్లేదు. రాయలసీమ ఇళ్లలో ఈ చిక్కుకు పాత పరిష్కారమే ఉంది. మొక్కు పేరు ఒకటి, బడి పేరు ఒకటి. బడిలో రాజశేఖరయినవాడు ఇంట్లో కుళ్లాయప్పగానే ఉంటాడు, అవ్వ పిలిస్తే పలుకుతాడు. బియ్యంలో పేరు రాసేటప్పుడు రెండూ రాయండి. ఆమె చేత చెవిలో కుళ్లాయప్ప అని మూడుసార్లు పిలిపించండి. సర్టిఫికెట్‌లో ఏది రాయించాలో మీరిద్దరూ తేల్చుకోండి. మీ ఇద్దరికీ నచ్చితే కుళ్లాయప్పనే రాయించండి, దాని వల్ల మతం మారదు, రిజర్వేషన్ మారదు, ఆస్తి హక్కు మారదు. నచ్చకపోతే ఇంట్లో పిలిచే పేరుగానే ఉంచండి. కానీ ‘బడిలో నవ్వుతారు’ అన్న ఒక్క కారణంతో మాత్రం వద్దనకండి. బెంగళూరు బడుల్లో ఇప్పుడు ఏ పేరుకు ఎవరు నవ్వుతున్నారు చెప్పండి? అర్థం తెలియని రెండక్షరాల పేర్లు వెయ్యి తిరుగుతున్నాయి.

కాగితాల పని కూడా చెబుతాను, తొందరపడి ఏదో ఒకటి రాయించేస్తారని. జననం నమోదై, పేరు గడి ఖాళీగా ఉంటే కంగారు లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, దాని నియమాల ప్రకారం నమోదైన నాటి నుంచి 12 నెలల లోపు డబ్బు కట్టకుండానే పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. అయితే 2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీకి, చోటుకు జనన ధ్రువపత్రమే రుజువు. ఒకసారి పేరు ఎక్కాక మార్చుకోవడం పెద్ద తిరుగుడు. కాబట్టి ఇంట్లో మాట తెగేదాకా ఆ గడి ఖాళీగా ఉండనివ్వండి. మీకింకా నెలలు ఉన్నాయి.

చివరగా మీ అమ్మావాళ్లు. వాళ్లు నవ్వింది పేరుకు, కంగారుపడింది మీ అత్తింట్లో మీకు మాట సాగదేమోనని. రెండోదానికి జవాబు మీరు ఇవ్వగలరు. బాబు రికార్డు పేరు మీరిద్దరే పెట్టబోతున్నారని, గుండం దగ్గరికి బాబు వెళ్లడం లేదని చెప్పండి, సగం కంగారు పోతుంది. వీలైతే గూగూడు వెళ్లే రోజున మీ అమ్మగారిని కూడా రమ్మనండి. వియ్యపురాళ్లిద్దరూ ఒకే కారులో వెనక సీట్లో కూర్చుంటే గుణదల సంగతులు వాటంతటవే వస్తాయి. చక్కెర మాత్రం అనంతపురంలోనే కొని పెట్టుకోండి, దారిలో దొరుకుతుందిలే అనుకోకుండా.